సముద్రాన్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు

బడబాగ్ని అనే మాట మనందరం విన్నదే. ఆకలికో, కోపానికో పోలికగా వాడుతుంటాం. సముద్రం అడుగున ఆరకుండా మండే నిప్పు అని అర్థం చెప్పుకుంటాం. బడబ అంటే ఆడగుర్రం అన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. ఔర్వుడి కోపం లోకాలను కాల్చబోతే దాన్ని సముద్రంలో వదిలేశారనీ, అక్కడది గుర్రం తలతో నీళ్ళు తాగుతూ ఉంటుందనీ మహాభారతం ఆదిపర్వంలో ఒక కథ ఉంది. పాలసముద్రంలోంచి పుట్టిన ఉచ్చైశ్శ్రవం సరేసరి. గ్రీకులు కూడా సముద్రదేవుడి రథానికి సగం గుర్రం, సగం చేప అయిన జంతువుని కట్టారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు హిప్పోకాంపస్. లోకంలో ఏ మూల చూసినా మనిషికి సముద్రాన్ని చూస్తే గుర్రం ఎందుకు గుర్తొస్తుందో మరి!

ఇంతా చేసి నిజంగా సముద్రంలో ఉన్న గుర్రం అరచేతిలో పట్టేంత చేప. గుర్రం తల, కోతి తోక, కంగారూ సంచి. ఆ సంచి కూడా మగదానికే ఉంటుంది. ఆడది గుడ్లు మగదాని సంచిలో పెట్టి వెళ్తుంది, అతను మోసి కంటాడు. పళ్ళు లేవు, పొట్ట లేదు. నిలువుగా నిలబడి, వీపు మీదున్న చిన్న రెక్కని గబగబా ఆడించుకుంటూ మెల్లగా కదులుతుంది. అలసిపోతే తోకతో ఏదో ఒక కాడని పట్టుకుని వేలాడుతుంది. తెలుగులో దీన్ని సముద్రపు గుర్రం అంటున్నాం. నీటిగుర్రం అంటే పప్పులో కాలేసినట్టే, అది ఆఫ్రికా నదుల్లో బతికే హిప్పో. 16వ శతాబ్దంలో అరాంజియో అనే ఇటలీ వైద్యుడు మనిషి మెదడు కోసి చూస్తూ, లోపల వంకర తిరిగిన ఒక భాగానికి ఈ చేప పేరే పెట్టాడు. మన జ్ఞాపకాలు పోగయ్యే చోటు అదేనని చాలా కాలం తర్వాత తేలింది.

నేను అనకాపల్లిలో పెరిగినవాణ్ణి. బెల్లం మార్కెట్‌కీ, నూకాలమ్మ జాతరకీ పేరున్న ఊరు. సముద్రం పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అచ్యుతాపురం మీదుగా పూడిమడక వెళ్తే తీరం వచ్చేస్తుంది. అయినా మా ఊరిని ఎవరూ సముద్రపు ఊరు అనరు. చెరకు ఊరు అంటారు. కిందటేడు మా మేనల్లుడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఏదో దేశంలో ఎవరి ఇంట్లోనో ఎత్తైన గాజు తొట్టి, అందులో పసుప్పచ్చ సముద్రపు గుర్రాలు రెండు తోకలు పెనవేసుకుని ఉన్నాయి. "మావయ్యా, మనకి అంత దగ్గర్లో సముద్రం ఉంది కదా, మన ఇంట్లో ఎందుకు పెంచకూడదు?" అని అడిగాడు. పెంచకూడదు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు, చట్టం అలాగే అంటుంది. కానీ వాడి ప్రశ్నలో అంతకంటే పెద్ద విషయం ఉందనిపించింది. సముద్రాన్ని పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకోవడం మనుషులు ఎప్పుడు, ఎలా నేర్చుకున్నారు? మన ఉత్తరాంధ్ర తీరానికి ఆ విద్య ఏ దారిన వచ్చింది? ఇంత విద్య వచ్చాక కూడా ఆ గుర్రం మన ఇంటికి ఎందుకు రాకూడదు?

*

మన తీరంలోని చేపలు గాజులోకి రావడానికి చాలా ముందే కాగితం మీదకి ఎక్కాయి. ఆ పని చేసినవాడు పాట్రిక్ రస్సెల్. స్కాట్లండ్ నుంచి వచ్చిన వైద్యుడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగుల మధ్య పనిచేశాడు. తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో అధికారి. అతనితో కలిసి 1781లో ఇటు వచ్చాడు. 1785లో కంపెనీ అతన్ని కర్ణాటక ప్రాంతానికి ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా నియమించింది. మన రక్తపింజరికి ఇంగ్లీషులో రస్సెల్ వైపర్ అనే పేరు ఇతని వల్లే వచ్చింది. 1796లో అచ్చయిన అతని పాముల పుస్తకంలో ఆ పాము 'కటుక రేకుల పొడ' అనే తెలుగు పేరుతోనే ఉంటుంది.

రస్సెల్ 1789లో ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలూ, బొమ్మలూ అని దాని శీర్షికలోనే ఉంది. చాలా చేపలకి అతను లాటిన్ పేర్ల కోసం వెతుక్కోలేదు. రేవులో ఏ పేరు వినపడిందో దాన్నే రోమన్ అక్షరాల్లో రాసుకున్నాడు. అతను 'టెమెరీ' అని రాసిన చేపని చూడండి. ముట్టుకుంటే షాక్ కొట్టే చేప అది. ఎవరైనా తెలుగువాడు పైకి చదివితే వెంటనే పట్టేస్తాడు, అది తిమ్మిరి! దాని పక్కనే 'నల్ల టెమెరీ'. 'పాల సొర్రా' అంటే పాలసొర. 'టెంకీ' అంటే టెంకి. 'పండూమీనూ' అని రాసింది ఇవాళ మనం పండుగప్ప అంటున్న చేప. ఈ పేర్లలో కొన్ని రస్సెల్ పుస్తకంతో ఆగిపోలేదు. పాలసొర పేరు 19వ శతాబ్దంలో ఒక సొరచేపకి శాస్త్రీయనామంలో భాగమైంది. తిమ్మిరి 'టెమెరా' అయి ఒక ప్రజాతి పేరయింది. వాళ్ళు మాట్లాడుకున్న మాట లండన్, పారిస్ పుస్తకాల్లోకి వెళ్ళి కూర్చుంది.

నాకు ఈ పుస్తకం చూసిన ప్రతిసారీ ఒకటే ఆలోచన. రెండు వందల చేపల పేర్లు చెప్పినవాళ్ళెవరు? చేపని తిరగేసి, మొప్పలు చూపించి, ఇది నల్ల తిమ్మిరి, అది వేరే తిమ్మిరి అని తేడా విడమరచినవాళ్ళెవరు? తెల్లవారుజామున తెప్ప దిగి, తడి చేతులతో ఒక దొర ముందు నిలబడి చెప్పి ఉంటారు. శాస్త్రం అనే పనిలో సగం అక్కడే జరిగింది. వాళ్ళ భాష మిగిలింది, వాళ్ళు మిగల్లేదు.

*

చేపని బొమ్మగా గీయడం ఒకటి, బతికించి చూడడం ఇంకొకటి. రెండోది అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా వచ్చింది. తొట్టిలో బంగారు చేపలు పెంచడం చైనావాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. కానీ అది మంచినీళ్ళ వ్యవహారం. సముద్రపు నీళ్ళు తెచ్చి గదిలో పెడితే రెండు మూడు రోజుల్లో కుళ్ళిపోయేవి. ఎందుకు కుళ్ళుతున్నాయో ఎవరికీ తెలిసేది కాదు.

1832లో జీన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి స్త్రీ సిసిలీ దీవిలో గాజు తొట్లు కట్టించుకుంది. ఆమె అంతకుముందు దుస్తులు కుట్టే పనిలో ఉండేది. ఆర్గొనాట్ అనే జీవి తన గుల్లని తానే కట్టుకుంటుందా, వేరేదాని గుల్లలో దూరుతుందా అన్నది అప్పటికి తేలని ప్రశ్న. తానే కట్టుకుంటుందని ఆమె ఆ తొట్లలో చూసి తేల్చింది. 1846లో ఆనా థిన్ అనే ఇంగ్లీషావిడ సముద్రతీరం నుంచి బతికున్న పగడాలని లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. వాటిని బతికించడానికి రోజూ చేసిన పని ఏమిటంటే, తెరిచిన కిటికీ ముందు నిలబడి నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయడం. మనం టీ చల్లార్చుకున్నట్టు అన్నమాట. నీళ్ళలోకి గాలి కలవాలి కదా. ఆ పని ఇంటి యజమానురాలు చేయలేదు, పనిమనిషి చేసింది. ఇవాళ అక్వేరియం షాపులో దొరికే ఎయిర్ పంపుకి పూర్వీకురాలు ఆ పనిమనిషే. రేవులో చేపల పేర్లు చెప్పినవాళ్ళలాగే ఆమె పేరు కూడా చరిత్రలో లేదు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు చేపలు, నీటి మొక్కలు, నత్తలు ఒకదాన్నొకటి ఎలా నిలబెట్టుకుంటాయో ప్రయోగం చేసి రాశాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జనం చూడ్డానికి చేపల భవనం తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట ఇప్పటి అర్థంలో స్థిరపడిపోయింది. ఉప్పులు కొలత ప్రకారం కలిపి సముద్రపు నీటిని ఇంట్లోనే తయారు చేసుకునే పద్ధతి కూడా గాస్ చెప్పాడు. ఇక చూసుకోండి! ఇంగ్లండ్‌లో ప్రతి డ్రాయింగ్ రూముకీ ఒక గాజు తొట్టి కావాల్సి వచ్చింది. రైలెక్కి జనం తీరానికి వెళ్ళడం, రాళ్ళ మధ్య గుంటల్లో కనపడిందల్లా బుట్టలో వేసుకు రావడం. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో రాసిన ఆత్మకథలో ఆ గుంటల గురించి బాధపడతాడు. తన చిన్నప్పుడు చూసిన ఆ అందాలని సేకరణ పిచ్చి ఊడ్చేసిందనీ, దానికి తన తండ్రి పుస్తకాలూ ఒక కారణమనీ, ఆ సంగతి తండ్రినే బాధపెట్టిందనీ రాశాడు. సముద్రాన్ని ప్రేమించడం నేర్పిన పుస్తకమే సముద్రపు అంచుని ఖాళీ చేయించింది. మన కథలోకి తర్వాత రాబోయే చట్టానికి బీజం ఇక్కడే ఉంది.

*

ఈ గాజు తొట్టి మన వైపు వచ్చింది మద్రాసు ద్వారా. మద్రాసు మ్యూజియంకి అధిపతిగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ పూనికతో మెరీనా తీరాన అక్వేరియం కట్టారు. అది 1909లో తెరుచుకుంది. దక్షిణ భారత కులాలు, తెగల మీద థర్‌స్టన్ ఏడు సంపుటాలు వెలువడింది కూడా అదే 1909లో. చేపకి ఒక గది, దాని ముందు ఒక చీటీ. కులానికి ఒక అధ్యాయం, దాని పైన ఒక పేరు. అందులో మన తీరపు వాడలకీ, జాలరులకీ కూడా అధ్యాయాలున్నాయి. చేపని పట్టేవాడు పుస్తకంలో, అతను పట్టిన చేప గాజు వెనక. రెండిటినీ చూసేది ఒకే చూపు.

అలాగని ఆ అక్వేరియాన్ని తీసిపారేయలేం. అప్పటికి విశాఖపట్నం, అనకాపల్లి మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఒడ్డున పుట్టి పెరిగినా చచ్చిన చేపనే తప్ప ఈదుతున్న సముద్రపు చేపని పక్కనుంచి చూడని జనానికి అది మొదటి అవకాశం. 1919లో దాన్ని మత్స్యశాఖకి అప్పగించారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మూతపడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం వచ్చింది. మా తరం ఉత్తరాంధ్ర పిల్లలకైతే అక్వేరియం అంటే విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శినే. బడి విహారయాత్రల్లో వరసగా నిలబెట్టి చూపించేవారు. చీకటి గది, పచ్చటి వెలుతురు, గాజుకి ముక్కు ఆనించి నిలబడ్డ పిల్లలు. బయటికొస్తే ఎదురుగా అసలు సముద్రం. అందులో ఏముందో మాత్రం కనపడదు.

*

సముద్రపు నీటిని తొట్టిలో బతికించే విద్య మన తీరంలో నిజంగా ఇంటింటి విద్య అయింది అక్వేరియాల వల్ల కాదు, రొయ్యల వల్ల. 1980ల చివర్లో ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, విశాఖకీ భీమిలికీ మధ్య మంగమారిపేటలో రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రాన్ని పెట్టింది. టాస్పార్క్ అంటారు. తర్వాత ప్రైవేటు హేచరీలు తీరం పొడుగునా లేచాయి. ఇవాళ మన జిల్లాలో నక్కపల్లి, పాయకరావుపేట వైపు తీరం వెంట వెళ్తే సముద్రంలోకి వేసిన పైపులు, వరసగా షెడ్లు కనిపిస్తాయి.

హేచరీలో జరిగేది చూస్తే గాస్ నోరెళ్ళబెట్టేవాడు. సముద్రపు నీళ్ళు తోడి, ఇసుక వడపోత పోసి, క్లోరిన్ వేసి, మళ్ళీ ఆ క్లోరిన్‌ని విరిచి, అతినీలలోహిత కాంతి కింద పంపి, ఉప్పదనం కొలిచి, వెచ్చదనం సరిచేసి అప్పుడు తొట్లోకి వదులుతారు. తల్లిరొయ్య గుడ్లు పెట్టాక పుట్టే పిల్ల నాప్లియస్. తర్వాత జోయియా, తర్వాత మైసిస్, ఆ తర్వాత పోస్ట్ లార్వా. ఒక్కో దశకి ఒక్కో తిండి. ముందు కంటికి కనపడని నాచు, తర్వాత ఆర్టీమియా. ఆర్టీమియా గుడ్లు చూడ్డానికి గోధుమరంగు పొడిలా ఉంటాయి. ఏళ్ళ తరబడి డబ్బాలో ఎండిపోయి పడి ఉంటాయి. ఉప్పునీళ్ళలో వేసి, గాలీ వెలుతురూ ఇస్తే సుమారు ఒక్క రోజులో పొదిగి ప్రాణం పోసుకుంటాయి. లోకంలో చాలా హేచరీలకి ఇవి అమెరికాలో యూటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తాయి. ఎక్కడి ఉప్పు సరస్సు, ఎక్కడి పాయకరావుపేట!

ఇప్పుడు మా మేనల్లుడి తొట్టి సంగతి. సముద్రపు గుర్రాలని పెంచడంలో అన్నిటికంటే కష్టమైనది తిండి. పొట్ట లేదు కాబట్టి తిన్నది నిలవ ఉండదు, రోజుకి రెండు మూడు సార్లయినా పెట్టాలి. దాని నోరు చిన్న గొట్టం, దాంతో చటుక్కున పీల్చేస్తుంది. పిల్లలకైతే కదిలే తిండే కావాలి. ఆ తిండి ఇదే ఆర్టీమియా. అంటే లోకంలో చాలామంది పెంపకందార్లు తలపట్టుకునే పనిని మా తీరంలో ఇంటర్ చదివిన కుర్రాళ్ళు రాత్రి షిఫ్టులో టార్చిలైటు పట్టుకుని రోజూ చేస్తున్నారు. నత్రజని లెక్క కూడా అంతే. చేప విసర్జనలో వచ్చేది అమ్మోనియా, అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది కాస్త నయం. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా అందులో చేపని వదలకూడదు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు డ్రాయింగ్ రూముల్లో చేపలు ఎందుకు చచ్చాయో దీంతో అర్థమవుతుంది. ఈ లెక్క మన గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యల రైతుకి కొట్టిన పిండి. 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్ వచ్చి చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోయాక, నీళ్ళని చూడకుండా రొయ్యని చూడకూడదని రైతు దెబ్బ తిని నేర్చుకున్నాడు.

మిగిలింది తొట్టి. సముద్రపు గుర్రం నిలువు ప్రాణి. జంట కలిసేముందు నీళ్ళలో నిలువుగా పైకి లేస్తాయి. అందుకని తొట్టి పొడుగు కంటే ఎత్తు ముఖ్యం. తోక చాపితే అది ఎంత పొడవుంటుందో కనీసం దానికి మూడింతల ఎత్తు ఉంటే మంచిది. నీటి ఒరవడి నెమ్మదిగా ఉండాలి. తోకతో పట్టుకోవడానికి నాచో, కొమ్మలాంటిదో ఏదైనా ఉండాలి. చురుకైన చేపలని పక్కన పెడితే ఇది తినేలోపు అవి తినేస్తాయి. నీళ్ళు ఎంత వెచ్చగా ఉంటే దానికి అంత త్వరగా బాక్టీరియా జబ్బులు వస్తాయి. అందుకే పెంచేవాళ్ళు 22 నుంచి 24 డిగ్రీల దగ్గర ఉంచమంటారు. అనకాపల్లిలో మే నెలలో అంటే చిల్లర్ లేకుండా కుదరదు, కరెంటు పోతే దానికి ఇన్వర్టర్. ఖర్చుంది కానీ అసాధ్యమేమీ కాదు. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థలో మన దేశపు పసుపు సముద్రపు గుర్రం హిప్పోకాంపస్ కుడాని తొట్లలోనే పిల్లలు పెట్టించి పెంచారు. కుడా అంటే మలయ్ భాషలో గుర్రమే.

*

మరి అడ్డం ఏమిటి? మళ్ళీ గాస్ కొడుకు దిగులు దగ్గరికి వెళ్ళాలి.

1950, 60లలో అమెరికాలో పిల్లల కామిక్ పుస్తకాల వెనక అట్టల మీద బతికున్న సముద్రపు గుర్రాలని పోస్టులో పంపుతామని ప్రకటనలు వచ్చేవి. ఫ్లోరిడా నుంచి చిట్టి గుర్రాలు పార్శిల్‌లో వెళ్ళేవి. వాటిలో ఎన్ని ఎన్నాళ్ళు బతికుంటాయో ఊహించడం కష్టం కాదు. దీనికి ఎన్నో రెట్లు పెద్దది ఎండు గుర్రాల వ్యాపారం. చైనా సంప్రదాయ వైద్యంలో వీటిని మందుగా వాడతారు. సముద్రపు గుర్రాలని నీళ్ళలోకి దిగి అధ్యయనం చేసిన తొలి శాస్త్రజ్ఞురాలు అమాండా విన్సెంట్ 1996లో ఈ వ్యాపారం మీద ఒక నివేదిక ఇచ్చింది. ఏడాదికి రెండు కోట్లకి పైగా గుర్రాలు చేతులు మారుతున్నాయని అందులో తేలింది. ఎగుమతిలో ముందున్న దేశాల్లో మనదొకటి. మన దేశంలో ఎక్కువ వెళ్ళింది తమిళనాడు వైపు పాక్ జలసంధి, మన్నారు సింధుశాఖల నుంచి. అక్కడ సముద్రపు గడ్డి మైదానాలు ఎక్కువ.

2001 జులైలో కేంద్రప్రభుత్వం సముద్రపు గుర్రాలన్నిటినీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. పులి, ఏనుగు ఉన్న జాబితా అది. ఆ జాబితాకెక్కిన ప్రాణిని పట్టినా, అమ్మినా, కొన్నా, ఎండినదాన్ని అలమరలో పెట్టుకున్నా నేరమే. శిక్ష కనీసం మూడేళ్ళ జైలు. 2002లో అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ కూడా సముద్రపు గుర్రాల వ్యాపారాన్ని నియంత్రణలోకి తెచ్చింది, 2004 మే నుంచి అది అమలయింది. మన మేనల్లుడి ప్రశ్నకి చట్టం చెప్పే జవాబు ఇదీ.

చట్టం తప్పని నేననను. రెండు కోట్ల లెక్క చూశాక ఏదో ఒకటి చేయక తప్పదు. కానీ ఆ చట్టం ఎవరిని ఆపగలిగింది, ఎవరిని ఆపలేకపోయింది అన్నది చూడాలి. సముద్రపు గుర్రం కోసమే వల వేసేవాళ్ళు తక్కువ. రొయ్యల కోసం అడుగునంతా ఊడ్చుకుపోయే ట్రాలు వలలో మిగతావాటితో పాటు ఇది కూడా వచ్చి పడుతుంది. పైకి వచ్చేసరికి చాలావరకు చచ్చే ఉంటుంది. పూడిమడకలో ఒక పెద్దాయన్ని అడిగితే చేత్తో గాలిలో వంకర గీసి చూపించి, "అదా, గుర్రం సేప. అప్పుడప్పుడూ వల్లో పడతాది. తినడానికి పనికిరాదు బాబూ. కేసు అవుద్దని ఇప్పుడు ముట్టుకోం, ఇసిరేత్తాం" అన్నాడు. ఇసిరేస్తే చచ్చిన చేప బతకదు కదా అని నేనంటే నవ్వి, "వల్లోకి రావొద్దని దానికెవుడు సెప్తాడు?" అన్నాడు.

ఆయన మాటలో చట్టం మొత్తం ఉంది. చేతిలో పెట్టుకుంటే నేరం. వలలో చంపి ఇసుకలోకో, ఎండబెట్టే చెత్తచేపల కుప్పలోకో విసిరేస్తే అడిగేవాడు లేడు. చిన్న బోటు మీద వెళ్ళేవాడికి భయం మిగిలింది, గుర్రానికి చావు మిగిలింది. అడుగుని గీకే వలలు ఎక్కడ తిరగాలి, ఎక్కడ తిరగకూడదు అన్నది గట్టిగా అమలు చేయాల్సిన పని. అది ఖర్చుతో, రాజకీయాలతో కూడిన వ్యవహారం. ప్రాణి పేరుని జాబితాలో రాయడం తేలిక.

2022లో వెలువడిన ఒక అధ్యయనం నన్ను ఇంకా ఆలోచనలో పడేసింది. ఒడిశాలోని గంజాం జిల్లా ఆర్యపల్లి దగ్గర కెల్లోగి అనే పెద్ద జాతి సముద్రపు గుర్రం పిల్ల ఒకటి దొరికింది. అది సాధారణంగా ఉండేది దక్షిణాన కోరమాండల్ తీరంలో. అక్కడి విపరీతమైన వేట ఒత్తిడికి ఈ గుర్రాలు సుమారు 1300 కిలోమీటర్లు ఉత్తరానికి జరుగుతున్నాయేమోనని శాస్త్రవేత్తల అంచనా. ఆ అంచనా నిజమైతే అవి దాటాల్సింది మన సముద్రాన్నే. నెల్లూరు, కాకినాడ, పూడిమడక, విశాఖ, భావనపాడు. సరిగ్గా ఈదలేని చేప, కాడ దొరికితే తోకతో పట్టుకుని వేలాడే చేప, మన రేవులన్నిటి ముందు నుంచి వలసపోతోందన్నమాట. మన జనం బతుకుతెరువు కోసం పోయినట్టే.

*

మా మేనల్లుడికి చివరికి ఏం చెప్పానని మీరు అడగొచ్చు. గుర్రాలు వద్దన్నాను. చట్టం ఒక్కటే కారణం కాదు. ఇవాళ మన దగ్గర సముద్రపు గుర్రం ఎవరైనా అమ్ముతున్నారంటే అది సముద్రంలోంచి దొంగతనంగా పట్టి తెచ్చింది అయ్యే అవకాశమే ఎక్కువ. అలాంటిది ఒకటి మన తొట్టిలోకి చేరేలోపు దారిలో ఎన్ని చస్తాయో లెక్కుండదు. అయితే ఈ మాట ఇక్కడితో ఆపితే వాడికి దక్కేది ఒక 'వద్దు' మాత్రమే. తీరానికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లాడికి సముద్రం గురించి పెద్దవాళ్ళు చెప్పే మాట అదొక్కటే అవకూడదు.

నా కోరిక ఇది. సముద్రపు గుర్రాలని పిల్లలు పెట్టించే విద్య మన దేశంలో ప్రయోగశాలల్లో ఉంది. వాటి పిల్లలకి తిండి తయారుచేసే నేర్పు మన హేచరీ కుర్రాళ్ళ చేతుల్లో ఉంది. ప్రభుత్వ అనుమతితో, శాస్త్రవేత్తల పర్యవేక్షణలో ఈ రెండూ మన తీరంలో ఒక చోట కలిస్తే బడిపిల్లలు బతికున్న సముద్రపు గుర్రాన్ని చట్టబద్ధంగా చూడొచ్చు. వలలో పడి ఇంకా ప్రాణంతో ఉన్నదాన్ని తెచ్చి అప్పగించిన జాలరికి కేసు భయం ఉండకూడదు, వందో రెండొందలో చేతిలో పెట్టాలి. అతనికి తెలిసింది రాసుకోవాలి, అతని పేరుతో సహా. రస్సెల్ చేయని పని అది.

ఇంకో పని మనమే చేయొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రస్సెల్ పుస్తకం రెండు సంపుటాలూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఫోన్‌లో ఆ బొమ్మలు పెట్టుకుని ఒక ఆదివారం పొద్దున్నే పూడిమడకకో, రేవుపోలవరానికో, ముత్యాలమ్మపాలేనికో వెళ్ళండి. పడవలు వచ్చే వేళకి వెళ్తే మంచిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలలూ వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా దొరుకుతారు. ఒక్కో బొమ్మా చూపించి దీన్నేమంటారని అడగండి. తిమ్మిరిని ఇంకా తిమ్మిరే అంటున్నారా? పాలసొర ఇంకా వలలో పడుతోందా, లేక తాతల మాటల్లోనే మిగిలిందా? రెండు వందల ఇరవై ఏళ్ళ కిందట ఒకసారి తీసిన ఆ లెక్కని మళ్ళీ తీయొచ్చు. మా మేనల్లుడు ఇప్పటికి పదిహేడు పేర్లు రాసుకున్నాడు. ఒక్కో పేరు పక్కన చెప్పినవాళ్ళ పేరూ, ఊరూ కూడా రాయమన్నాను. రాస్తున్నాడు.